మరి రెండో ముక్క ఎందుకు పడిపోలేదు, టీచర్?

ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెప్పే టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను.

"తొమ్మిదో తరగతిలో ఏదో సందర్భంలో రోమన్ సామ్రాజ్యం మాట వచ్చింది. 395లో అది తూర్పు, పడమర అని రెండు ముక్కలైంది, ఉమ్మడి కుటుంబంలో పంపకాలు అయ్యాక బలం తగ్గినట్టే దానికీ తగ్గింది, 476లో పడిపోయింది అని చెప్పాను. నేను చదువుకున్నదీ అదే. ఒక అబ్బాయి లేచి, 'ముక్కలవడం వల్లే పడిపోతే రెండు ముక్కలూ పడిపోవాలి కదా టీచర్, తూర్పు ముక్క ఇంకో వెయ్యేళ్ళు ఎలా ఉంది?' అన్నాడు. నాకు జవాబు తెలియలేదు. అది మన పోర్షన్‌లో లేదు, కూర్చో అన్నాను. పది రోజులైంది, వాడు మళ్ళీ చెయ్యి ఎత్తలేదు. ఆ ప్రశ్నకు జవాబేంటి? ఇప్పుడు వెళ్ళి నేను చెప్పింది సరిగ్గా లేదంటే పిల్లల దగ్గర గౌరవం పోతుందా?"

అమ్మా, మీ రెండో ప్రశ్నకు ముందు చెప్తాను, ఎందుకంటే మీకు నిద్ర పట్టనివ్వనిది అదే అని ఉత్తరం చదివితే తెలుస్తోంది. వెళ్ళి చెప్పండి. అందరి ముందూ, ఆ అబ్బాయిని పేరు పెట్టి పిలిచి, "నువ్వు ఆరోజు అడిగింది సరైన ప్రశ్న, నేను తెలుసుకుని వచ్చాను" అనండి. గౌరవం పోదు. నేను ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్ళు చరిత్ర చెప్పాను. అశోకుడు పోయిన యాభై ఏళ్ళకే మౌర్యులు ఎలా పోయారు సార్ అని ఒకమ్మాయి అడిగితే, పరీక్షలకు టైం లేదని దాటేశాను. ఆ ఏడాదంతా ఆ పిల్ల నా క్లాసులో నోరు తెరవలేదు, నేనూ వెనక్కి వెళ్ళి ఆ మాట ఎత్తలేదు. ఇన్నేళ్ళయినా ఆ పిల్ల మొహం గుర్తుంది నాకు. మీకు పది రోజులే అయింది, ఏమీ మించిపోలేదు.

ఇక వాడి ప్రశ్న. తొమ్మిదో తరగతి పిల్లాడు పట్టుకున్న ఈ మెలికే చరిత్రకారులు కూడా పట్టుకున్నారు, ఈ మాట వాడికి తప్పకుండా చెప్పండి. ఒకే కారణం రెండు చోట్లా ఉండి, ఒకచోట ఒక ఫలితం, ఇంకోచోట ఇంకో ఫలితం వచ్చిందంటే అసలు కారణం అది కాదన్నమాట, దాన్ని వేరేచోట వెతకాలి.

అసలు 395 మొదటి చీలిక కాదు. ఆ ఏడాది జనవరిలో థియోడోసియస్ చక్రవర్తి మిలాన్‌లో చనిపోతే పెద్ద కొడుకు ఆర్కేడియస్ తూర్పునా, పదేళ్ళ హొనోరియస్ పడమరనా చక్రవర్తులయ్యారు. నిజమే. కానీ అంతకు నూరేళ్ళ ముందే, 286లో, డయోక్లెషియన్ తనతో సమానంగా మాక్సిమియన్‌ను కూర్చోబెట్టి బాధ్యత పంచుకున్నాడు, 293కి ఇద్దరు కాస్తా నలుగురయ్యారు. 324లో కాన్‌స్టాంటైన్ అందరినీ ఓడించి ఒక్కడే ఏలాడు, 337లో ఆయన పోగానే ముగ్గురు కొడుకులు పంచుకున్నారు. 364లో వాలెంటీనియన్, వాలెన్స్ అనే అన్నదమ్ములు మళ్ళీ పంచుకున్నారు. కాబట్టి 395లో బతికున్న మనిషికి ఆ పంపకం కొత్తగా అనిపించి ఉండదు. అదే చివరిది అవుతుందని వాళ్ళకు తెలియదు, వెనక్కి తిరిగి చూస్తున్న మనకు తెలుసు, అందుకే ఆ ఒక్క సంవత్సరం కిందే గీత గీశాం.

ఎందుకిలా పంచుకునేవాళ్ళంటే, దూరం. రైన్ నది నుంచి యూఫ్రటీస్ దాకా ఉన్న దేశాన్ని గుర్రం మీద వార్త పంపే కాలంలో ఒక్క మనిషి చూసుకోలేడు. చక్రవర్తి దగ్గర లేని సరిహద్దులో యుద్ధం వస్తే అక్కడి సేనాపతి గెలిచి, సైనికులు వాణ్నే చక్రవర్తిని చేసేసేవాళ్ళు. 235 నుంచి 284 వరకు జరిగింది అదే, యాభై ఏళ్ళలో ఇరవై మందికి పైగా చక్రవర్తులు. 260లో వాలేరియన్ చక్రవర్తి పర్షియా రాజు షాపూర్‌కు ప్రాణాలతో చిక్కాడు, అదే సమయంలో గాల్ ప్రాంతం, అంటే నేటి ఫ్రాన్స్ వైపు, విడిపోయి సొంత చక్రవర్తిని పెట్టుకుంది, కొన్నేళ్ళకు సిరియా వైపు పామైరా రాణి జెనోబియా కూడా సొంతంగా ఏలింది. ఒక్కడే ఏలినప్పుడు కలిగిన తిప్పలు ఇవి. ఇద్దరు చక్రవర్తులు అనేది ఈ రోగానికి వాళ్ళు వేసుకున్న మందు. దాన్నే రోగం అంటున్నాం మనం.

మీ ఉమ్మడి కుటుంబం పోలిక ఇక్కడే కొంచెం తప్పింది. పంపకం అంటే మనకు ఎవరి పట్టా వాళ్ళకు, ఎవరి పొయ్యి వాళ్ళకు. ఇక్కడ పట్టా ఒక్కటే. ఇద్దరు అన్నదమ్ములు దూరదూరంగా ఉన్న రెండు పొలాల దగ్గర కాపురం పెట్టి, ఇంటిపేరు మీద వ్యవహారాలు కలిపే నడిపినట్టు అనుకోండి. చట్టాలు ఇద్దరి పేర్లతో వచ్చేవి. ఎవరి పేర్లతో ఆ ఏడాదిని పిలిచేవాళ్ళో ఆ ఇద్దరు కాన్సుల్స్ అనే పెద్ద అధికారుల్లో మామూలుగా ఒకరు తూర్పు వాళ్ళు, ఒకరు పడమటి వాళ్ళు. తూర్పు రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే నేటి ఇస్తాంబుల్‌లో, కూర్చి రాసిన రెండో థియోడోసియస్ చట్టాల సంపుటిని 438లో రోమ్ సెనేట్ కూడా ఆమోదించింది. అంటే చీలిపోయిందని మనం చెప్పుకునే ఏడాది తర్వాత 43 ఏళ్ళకు కూడా చట్టం ఒకటే.

ఇప్పుడు వాడికి ఇంకో ఆశ్చర్యం చెప్పండి. పెద్ద దెబ్బ మొదట తగిలింది తూర్పుకే. హూణుల తాకిడికి తట్టుకోలేక గోత్‌లు అనే తెగవాళ్ళు 376లో డాన్యూబ్ నది దాటి, చోటివ్వమని రోమ్‌ను వేడుకున్నారు. రానిచ్చారు కానీ అక్కడి అధికారులు ఆకలిని అడ్డం పెట్టుకుని, కుక్క మాంసం ఇచ్చి పిల్లల్ని బానిసలుగా తీసుకున్నారని ఆ కాలంలోనే ఉన్న చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు. చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. తిరగబడ్డారు. 378 ఆగస్టు 9న ఏడ్రియనోపుల్ దగ్గర తూర్పు సైన్యంలో మూడింట రెండు వంతులు పోయిందని అమ్మియానస్ లెక్క, వాలెన్స్ చక్రవర్తి కూడా అక్కడే పోయాడు, శవం కూడా దొరకలేదు. పడిపోవాల్సింది తూర్పు, పడలేదు.

ఎందుకు పడలేదో తెలియాలంటే పటం కావాలి. కాన్‌స్టాంటినోపుల్ ఉన్నచోట వేలు పెట్టించండి. గోత్‌లు, హూణులు వచ్చేది ఉత్తరం నుంచి, బాల్కన్ నేల మీదుగా. ఆ నేలను వాళ్ళు దోచేశారు, చాలాసార్లు. కానీ బాస్ఫరస్ నీళ్ళ అవతల ఆసియా మైనర్, సిరియా, ఈజిప్టు ఉన్నాయి, వాళ్ళ దగ్గర ఓడలు లేవు. పన్నులు వచ్చేదీ గోధుమలు వచ్చేదీ ఆ అవతలి నేల నుంచే. దాటాలంటే ఆ నగరాన్ని గెలవాలి, నగరానికి 413 నాటికి పెద్ద కోట గోడ లేచింది. 447లో భూకంపం వచ్చి ఆ గోడలు, బురుజులు చాలాచోట్ల కూలాయి, హూణుల రాజు అటిలా సైన్యంతో వస్తున్నాడు, జనం అరవై రోజుల్లోపే తిరిగి కట్టేశారు, ఆ సంగతి చెప్పే శాసనం ఇస్తాంబుల్ గోడ మీద ఇప్పటికీ ఉంది. ఈ ముక్క మాత్రం క్లాసులో వదలకండి, పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. దీనికి తోడు ఆ శతాబ్దంలో పర్షియాతో వచ్చిన యుద్ధాలు రెండే, 421-22లో ఒకటి, 440లో ఒకటి, రెండూ చిన్నవే. తూర్పుకు వెనక తలుపు దాదాపు మూసే ఉంది.

పడమరకు ఆ నీళ్ళు లేవు. 406 చివర్లో వాండల్‌లు, ఆలన్‌లు, స్వెబీలు అనే తెగలు రైన్ దాటి వస్తే వాళ్ళకు ఎదురుగా ఉన్నది నేరుగా గాల్ పొలాలే, ఆ వెనక స్పెయిన్. శత్రువు తొక్కేదీ పన్ను కట్టేదీ ఒకే నేల. తొక్కిన పొలం పన్ను కట్టదు, పన్ను రాకపోతే సైనికుడికి జీతం లేదు, సైనికుడు లేకపోతే ఇంకో పొలం పోతుంది. ఆ అబ్బాయికి ఈ ఒక్క వరస అర్థమైతే మిగతాది వాడే అల్లుకుంటాడు.

410లో అలారిక్ అనే గోత్ నాయకుడు రోమ్ నగరాన్ని మూడు రోజులు దోచాడని అందరూ చెప్తారు. అంతకు ముందు 408లో ముట్టడి ఎత్తేయడానికి అతనడిగిన మూల్యం నాకు ఇంకా ముఖ్యంగా కనిపిస్తుంది. 5,000 పౌండ్ల బంగారం, 30,000 పౌండ్ల వెండి, 4,000 పట్టు అంగీలు, 3,000 ఎర్ర తోళ్ళు, 3,000 పౌండ్ల మిరియాలు. రోమన్ పౌండు అంటే మనకు దాదాపు కిలోలో మూడో వంతు. మిరియాలు మన దేశం నుంచి, కేరళ తీరం నుంచి వెళ్ళేవే. మన వినుకొండలోనూ నల్గొండ వైపు అక్కనపల్లిలోనూ రోమన్ నాణేలు బయటపడ్డాయి, అవి ఈ కథకు కొన్ని వందల ఏళ్ళ ముందువి, కానీ పిల్లలకు రోమ్ అంటే ఎక్కడో కాదు అనిపించడానికి పనికొస్తాయి. సరే, ఆ మూల్యం కట్టడానికి ఊరి నిండా ఉన్న బంగారు, వెండి విగ్రహాలు కరిగించారు. కరిగించిన వాటిలో శౌర్యదేవత విగ్రహం కూడా ఉందని జోసిమస్ అనే పాత చరిత్రకారుడు రాశాడు.

ఇంకో లెక్క పక్కన పెట్టి చూడండి. ఆ రోజుల్లో రోమ్‌లోని కొన్ని సంపన్న సెనేటర్ కుటుంబాలకు ఏడాదికి 4,000 పౌండ్ల బంగారం రాబడి ఉండేదని ఒలింపియోడోరస్ అనే ఆనాటి రచయిత చెప్పాడు. అటిలా తూర్పు సామ్రాజ్యం మొత్తాన్ని పిండి, అత్యధికంగా వసూలు చేసిన కప్పం ఏడాదికి 2,100 పౌండ్లు. అంటే పడమరలో ఒక్క ఇంటి రాబడి దానికి దాదాపు రెండింతలు. డబ్బు లేక కాదు, డబ్బు ఉన్నచోటి నుంచి ఖజానాకు రాక పడమర ఎండిపోయింది. నాకు ఈ కథలో కోపం తెప్పించేది అలారిక్ కాదు, ఈ ఇళ్ళు.

ఇంత జరిగినా పడమర అప్పటికి బతికే ఉంది, బతికించింది ఆఫ్రికా. ఆఫ్రికా అంటే నేటి ట్యునీషియా, అల్జీరియా తీరం. 330లో కాన్‌స్టాంటైన్ కొత్త రాజధానిని ప్రారంభించాక ఈజిప్టు గోధుమలు అటు మళ్ళాయి, అప్పటిదాకా రోమ్ జనానికి అందే గింజల్లో పెద్ద వాటా అదే. ఇక రోమ్ అన్నం తిన్నదంటే ఆఫ్రికా రేవు నగరం కార్తేజ్ నుంచి ఓడలు వచ్చాయన్నమాట. గోధుమలు, ఒలీవ్ నూనె, పన్ను బంగారం, అన్నీ అక్కడి నుంచే, పైగా సముద్రం అడ్డం ఉంది కాబట్టి అక్కడికి ఏ గోత్ పోలేడు. తూర్పుకు ఆసియా మైనర్, ఈజిప్టు ఎలాగో పడమరకు ఆఫ్రికా అలాగ. కానీ 429లో గైసెరిక్ తన వాండల్‌లను, ఆడవాళ్ళు పిల్లలతో కలిపి ఎనభై వేల మందిని అంటారు, స్పెయిన్ నుంచి పడవల్లో ఆ చిన్న జలసంధి దాటించాడు. పదేళ్ళు అటూ ఇటూ యుద్ధం, మధ్యలో 435లో ఒప్పందం. 439 అక్టోబర్ 19న, ఒప్పందం ఉండగానే, కార్తేజ్‌లోకి నడిచి వెళ్ళి పట్టుకున్నాడు. ఓడలూ అతనివే అయ్యాయి.

మీ నోట్సులో 395, 476 ఉన్నాయి కదా, ఆ రెంటి మధ్య 439 పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఆ తర్వాత పడమటి ప్రభుత్వం రాసిన చట్టాల్లో దాని గొంతు వినిపిస్తుంది. 444లో మూడో వాలెంటీనియన్ పేరుతో వచ్చిన చట్టం, కొత్తగా చేరే సైనికులకే కాదు, ఉన్నవాళ్ళకు కూడా తిండి బట్ట సమకూర్చడానికి వస్తున్న పన్ను చాలడం లేదని ఒప్పుకుంటూ అమ్మకాల మీద 24లో ఒక వంతు కొత్త పన్ను వేసింది. 445లో ఇంకో చట్టం, ఆఫ్రికాలో వాండల్‌ల నుంచి వెనక్కి వచ్చిన నుమీడియా, మౌరిటేనియా జిల్లాలకు పాత పన్నులో ఎనిమిదో వంతు మాత్రమే కట్టమంది, అవి అంత పాడైపోయాయి. ఒక రాజ్యం తన పతనాన్ని తానే లెక్కల్లో రాసుకోవడం కన్నా సాక్ష్యం ఏముంటుంది?

"మరి అన్న వచ్చి తమ్ముడికి సాయం చేయలేదా?" అని వాడు అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. తూర్పు సాయం చేసింది. అలారిక్ ఇటలీలో ఉండగా హొనోరియస్ తన రాజధాని రావెన్నా వదిలి పారిపోబోతుంటే తూర్పు నుంచి 4,000 మంది సైనికులు దిగారు. 431లో ఆస్పర్ అనే సేనాని ఆఫ్రికాకు వెళ్ళాడు. 441లో పెద్ద నౌకాదళం సిసిలీ దాకా వచ్చింది, అంతలో హూణులు డాన్యూబ్ దాటడంతో వెనక్కి పిలిపించారు. 468లో అయితే లియో చక్రవర్తి 1,100 ఓడలు పంపాడు, లక్ష పౌండ్ల బంగారానికి పైనే ఖర్చయిందని పాత లెక్క. కార్తేజ్‌కు ఒక రోజు దూరంలో సేనాపతి బాసిలిస్కస్ గైసెరిక్ అడిగిన అయిదు రోజుల గడువు ఇచ్చాడు, గాలి మళ్ళగానే గైసెరిక్ నిప్పంటించిన ఖాళీ ఓడలు వాళ్ళ మీదికి వదిలాడు. ఓడల మీద ఓడలు తగలబడ్డాయి. ఆ గాలి మళ్ళకపోయి ఉంటే మనం 476 అనే సంవత్సరం బట్టీ పట్టేవాళ్ళం కాదేమో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. విడిపోయిన అన్న వదిలేశాడు అనే కథ మాత్రం ఈ తగలబడ్డ ఓడల ముందు నిలవదు.

అలాగని పంపకం వల్ల నష్టమే లేదని చెప్పకండి, అదీ తప్పే. రెండు దర్బారుల మధ్య అతుకు బాల్కన్ల మీద పడింది, ఇల్లిరికం అనే ప్రాంతం ఎవరిదన్న తగాదా వచ్చింది. పిల్ల చక్రవర్తుల వెనక పెద్దవాళ్ళు నడిపారు, పడమర స్టిలికో, తూర్పున ముందు రుఫీనస్, తర్వాత యూట్రోపియస్. 397లో తూర్పు స్టిలికోను దేశశత్రువు అని ప్రకటించింది, ఆ తర్వాత కాస్తకే అలారిక్‌కు ఇల్లిరికంలో సేనాపతి హోదా ఇచ్చి రోమన్ ఆయుధశాలలు అతని చేతికి వచ్చేలా చేసింది. అటూ ఇటూ కాని ఆ అతుకు మీద కూర్చునే అలారిక్ ఎదిగాడు. కాబట్టి పంపకం గాయాన్ని కొంచెం పెద్దది చేసింది, ప్రాణం తీసింది మాత్రం అది కాదు.

476 గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఓడోవాకర్ అనే సేనాని పడమటి చక్రవర్తిగా ఉన్న రోములస్ అగస్తులస్ అనే కుర్రాణ్ని దింపి, చంపకుండా ఏడాదికి 6,000 బంగారు నాణేల భరణమిచ్చి పంపేశాడు. చక్రవర్తి చిహ్నాలను కాన్‌స్టాంటినోపుల్‌లో జీనో చక్రవర్తికి పంపాడు, ఇక మాకు వేరే చక్రవర్తి అక్కర్లేదు, మీరొక్కరు చాలు అని. అంటే కాగితం మీద ఆ రోజు రోమ్ పడిపోలేదు, మళ్ళీ ఒక్కటైంది! తూర్పు వాళ్ళు 1453 మే 29న టర్కుల చేతిలో నగరం పోయేదాకా తమను రోమన్లమనే చెప్పుకున్నారు. బైజాంటైన్ అనే పేరు తర్వాతి పండితులు తగిలించింది, దాంతో ఆ వెయ్యేళ్ళూ వేరెవరివో అన్నట్టయింది. మీ విద్యార్థికి ఆ వెయ్యేళ్ళు కనిపించాయి, చాలామంది పెద్దవాళ్ళకు కనిపించవు.

క్లాసులో ఇదంతా చెప్పడానికి రెండు పీరియడ్లు కావాలి, మీకు ఒకటే దొరుకుతుందని తెలుసు, పోర్షన్ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు కొత్త కాదు. అప్పుడు పది కారణాల జాబితా రాయించకండి. బోర్డు మీద మధ్యధరా సముద్రం గీసి మూడు రంగుల సుద్దలు ఆ అబ్బాయి చేతికే ఇవ్వండి. గోధుమలు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒక రంగు, శత్రువు ఎటు నుంచి వస్తున్నాడో ఒక రంగు, రాజధాని ఎక్కడుందో ఒక రంగు. తూర్పున గోధుమకూ శత్రువుకూ మధ్య నీళ్ళూ గోడా ఉంటాయి. పడమరన 439 వరకు ఆఫ్రికా ఒక్కటీ నీళ్ళ అవతల ఉంటుంది, ఆ తర్వాత దాన్ని కూడా చెరిపేయమనండి. చెరిపేశాక మిగిలిన బొమ్మను కాసేపు చూడనివ్వండి, మీరేమీ మాట్లాడకండి. వాడు చెయ్యి ఎత్తి ఇంకో ప్రశ్న అడిగితే నాకు రాయండి, మీకు జవాబు తెలిసినా సరే రాయండి, నాకు వినాలని ఉంది.